లోడుతో ఒకలా, ఖాళీగా ఒకలా: పికప్‌కి ఏ షాక్ అబ్జార్బర్లు వేయాలి?

టమాటా బండి (మదనపల్లె)

అందరికీ నమస్తే. నాది బొలేరో పికప్, 1.7 టన్ను మోడల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. సీజన్‌లో మార్కెట్ యార్డులో టమాటా క్రేట్లు ఎక్కించుకుని పలమనేరు, చిత్తూరు మీదుగా చెన్నై కోయంబేడు పోతాను. వచ్చేటప్పుడు ఖాళీ క్రేట్లు తప్ప బండిలో ఏమీ ఉండదు. అన్‌సీజన్‌లో సిమెంటు, పశువుల దాణా, ఏది దొరికితే అది.

లోడుతో మొగిలి ఘాట్ దిగేటప్పుడు వంపుల్లో వెనక ఊగుతుంది. గతుకులో పడితే రెండు మూడు సార్లు లేచి పడి గానీ కుదుటపడదు. ఖాళీగా వస్తుంటే మాత్రం నడుము పోతుంది. స్పీడ్ బ్రేకర్ దిగగానే వెనక నుంచి ఠక్కుమని ఇనుము కొట్టుకున్నట్టు చప్పుడు. వెనక షాకులు ఏడాదిలోపే రెండోసారి పోయాయి. అదీ ఆయిల్ కారి కాదు, కింద రబ్బరు బుష్ కూర్చునే రింగు దగ్గర చీలిపోతోంది.

షాపులో అడిగితే "హెవీ డ్యూటీ వేసుకో, ఎంత గట్టిదైతే అంత మంచిది" అంటున్నారు. మామూలు ఆయిల్‌వి, గ్యాస్‌వి, మోనోట్యూబ్ అని మూడు రకాలు చూపించారు. బరువు రోజూ ఒకేలా ఉండని బండికి ఏది వేయాలి?

వీక్రాస్ వీరాభిమాని (హైదరాబాద్)

మోనోట్యూబ్‌కి వెళ్ళు బ్రో, ఇంకేం ఆలోచించకు. నా ఇసుజు వీ-క్రాస్ పికప్‌కి ఇంపోర్టెడ్ సెట్ వేయించా, కారులా ఉంది. డబ్బు పోతే పోనీ, ఒకేసారి పెట్టెయ్.

గిద్దలూరు గేర్‌బాక్స్

మీ బండిలో వెనక ఏం వేస్తారు తమ్ముడూ, టెంటు, రెండు బ్యాగులేనా? ఆయన వేసేది టమాటా. కొంచెం ఆగు.

మదనపల్లె తమ్ముడూ, రింగు చీలిందంటే దాన్ని ఏదో లాగేస్తోందని. షాక్ తనంతట తాను చిరగదు. పాత ఓనర్ కమాన్ కట్టల్లో, అదే లీఫ్ స్ప్రింగుల్లో, అదనంగా పట్టీ ఏమైనా వేయించాడా? పట్టీలు లెక్కపెట్టి చెప్పు. కొత్తగా వేసిన పట్టీ రంగులో తేడా ఉంటుంది, కట్టను ఇరుసుకి బిగించే యూ బోల్టుల మర కూడా నట్టు బయట తక్కువే మిగిలి ఉంటుంది.

భీమవరం ఐస్‌బండి

నాదీ పికప్పే, రొయ్యల పెట్టెలు తోలుతాను. మోనోట్యూబ్ గురించి ఒక మాట. దాంట్లో పిస్టన్ నేరుగా బయటి గొట్టంలోనే తిరుగుతుంది. రాయి ఎగిరొచ్చి గొట్టానికి సొట్ట పడిందా, పిస్టన్ అక్కడ పట్టేసుకుంటుంది, ఇక షాక్ మార్చుకోవడమే. ట్విన్ ట్యూబ్‌లో లోపల ఇంకో గొట్టం ఉంటుంది కాబట్టి బయట చిన్న సొట్ట పడినా లోపలిదానికి ఏమీ కాదు. చెరువు గట్ల మీద, కంకర పరిచి వదిలేసిన రోడ్ల మీద తిరిగే బండికి అది పెద్ద తేడా.

మా వైపు ఇంకో తిప్పలుంది. ఐస్ కరిగిన ఉప్పునీళ్ళు బాడీలోంచి సరిగ్గా షాకుల మీదికే కారతాయి. రాడ్డు మీద క్రోమ్ పొడలు పొడలుగా లేస్తుంది. ఆ గరుకు పైకీ కిందకీ ఆడి సీలును చెక్కేస్తుంది, ఆయిల్ బయటికొస్తుంది. నేను బాడీ కింద రబ్బరు పీలిక కట్టి నీళ్ళు పక్కకి పోయేలా చేశాను. టమాటాకి ఈ బాధ లేదు, అదృష్టవంతులు.

టమాటా బండి (మదనపల్లె)

గిద్దలూరు అన్నా, సరిగ్గా పట్టావు. అడుగునుంచి చూస్తే ఒక పట్టీ తేడాగా ఉంది, మిగతావాటికన్నా మందం. పాత ఓనర్‌కి ఫోన్ చేస్తే "ఇసుక తోలేవాళ్ళం, బండి కూర్చుంటోందని వేయించాం" అన్నాడు. మరి షాకుకి, పట్టీకి సంబంధం ఏంటి?

చెన్నై డాంపర్

నేను చెన్నై దగ్గర ఒరగడం వైపు సస్పెన్షన్ విడిభాగాల పనిలో ఉన్నాను, సొంతూరు శ్రీకాళహస్తి. పెద్ద పోస్ట్ రాస్తున్నా, ఓపిక చేసుకోండి.

బరువు మోసేది కమాన్ కట్టలు, షాకులు కాదు. షాకులోని ఆయిల్‌కి బరువు తెలీదు, వేగమే తెలుసు. ఇరుసు ఎంత వేగంగా పైకీ కిందకీ కదిలితే అంత అడ్డుపడుతుంది. బండి కదలకుండా నిలబడి ఉంటే ఆయిల్ షాక్ ఒక్క కిలో కూడా మోయదు. గ్యాస్ షాక్ కొద్దిగా పైకి తోస్తుంది గానీ టన్నుల లెక్కలో అది ఏ మూలకీ రాదు. వెనక కూర్చున్న బండి హెవీ డ్యూటీ షాకులతో లేస్తుందని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

ఇక బరువు మారితే ఏమవుతుంది. ఖాళీ బండికి వెనక కట్టల మీద 600 కిలోలు పడుతోందనుకుందాం. సరుకు బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదికే వస్తుంది కాబట్టి, లోడుతో 2100 అనుకుందాం. మూడున్నర రెట్లు. షాక్ అదే, కట్టలు అవే. అప్పుడు ఊపును అణిచే నిష్పత్తి ఆ మూడున్నరకి వర్గమూలమెంతో అన్ని రెట్లు పడిపోతుంది, అంటే 1.87 రెట్లు. ఖాళీలో 0.45 ఉన్నది లోడులో 0.24కి దిగుతుంది. 0 అంటే ఎప్పటికీ ఆగని ఊపు, 1 అంటే ఒక్కసారి కూడా దాటిపోకుండా సర్దుకోవడం. 0.24 దగ్గర ప్రతి ఊపులో సగానికి కాస్త తక్కువ తర్వాతి ఊపుకి మిగులుతుంది. మీరు చెప్పిన "రెండు మూడు సార్లు లేచి పడటం" ఇదే. కొత్త షాకులకే ఇలా ఉంటే, అరిగినవాటి సంగతి చెప్పనక్కర్లేదు.

సరే, లోడులోనే 0.45 వచ్చేంత గట్టి షాకు వేద్దాం అంటారా? అది ఖాళీలో 0.84 అవుతుంది. అలాంటి బండిలో చెన్నై నుంచి మదనపల్లె ఖాళీగా రండి, తెలుస్తుంది. "ఎంత గట్టిదైతే అంత మంచిది" అన్న షాపతను మీతో పాటు సీట్లో కూర్చోడు కదా.

బండి కంపెనీ వాళ్ళు ఈ రెండింటికీ మధ్యలో ఒకచోట రాజీపడతారు. మీరు ఎంచుకోవాల్సింది కూడా ఆ రాజీ ఎక్కడన్నదే. దానికి ఒక ప్రశ్న వేసుకోండి: ఎక్కువ రోజులు మీ బండిలో ఉండే బరువెంత? ఏడాదికి నాలుగు సార్లు వేసే పూర్తి లోడు కాదు, మామూలు రోజు బరువు. దానికి కుదిరేలా తీసుకోండి. పూర్తి లోడు రోజున వేగం తగ్గించుకోవడం మన చేతిలో పని.

ఇంకొకటి. షాకు రెండు వైపులా ఒకేలా పనిచేయదు. చక్రం గుట్టెక్కి కట్టలు నొక్కుకునేటప్పుడు తక్కువగా, అవి తిరిగి చాచుకునేటప్పుడు ఎక్కువగా అడ్డుపడుతుంది. చాచుకునేటప్పటి ఆ అడ్డునే రీబౌండ్ అంటాం. లోడుతో నొక్కుకున్న కట్టల్లో బలం చాలా దాగి ఉంటుంది, దాన్ని పట్టి నెమ్మదిగా వదలాలి. అందుకని పని బండికి రీబౌండ్ గట్టిగా, నొక్కుడు మామూలుగా ఉన్న షాకు నయం. రెండూ గట్టిగా ఉన్నది ఖాళీలో గతుకునంతా తెచ్చి నేరుగా ఛాసిస్‌కి కొడుతుంది.

ఇప్పుడు మీ పట్టీ. అదనపు పట్టీతో ఖాళీ బండి వెనక భాగం పైకి లేచింది. ఇరుసుకీ ఛాసిస్‌కీ దూరం పెరిగింది, అంటే షాకు నిలబడి ఉన్నప్పుడే దాదాపు పూర్తిగా చాచుకుని ఉంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు చక్రం కిందికి జారుతుంది, జారడానికి షాకులో చోటు లేదు. ఇరుసు బరువంతా రింగుకి వేలాడుతుంది. ఆ ఠక్ చప్పుడు అదేనని నా అనుమానం. నిర్ధారించుకోవాలంటే టేపు పట్టుకోండి. ఖాళీ బండిని చదును నేల మీద నిలబెట్టి, షాకు పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్యకి కొలవండి. తర్వాత లోడుతో కొలవండి. షాపులో కొత్తదాన్ని పూర్తిగా లాగి, పూర్తిగా నొక్కి ఆ రెండూ కొలవండి. నాలుగు అంకెలు ఇక్కడ పెట్టండి.

కువైట్ హైలక్స్

రాజంపేట నాది, ఇక్కడ అరబ్బు దగ్గర హైలక్స్ తోలుతాను. ఎడారిలో గొర్రెల మందలకి నీళ్ళ ట్యాంకు. పోయేటప్పుడు నిండు, వచ్చేటప్పుడు ఖాళీ, మనోడి కథే. నాబ్ తిప్పితే గట్టిదనం మారే షాకులు వేశారు మా బండికి. 1 నుంచి 9 దాకా నంబర్లు. లోడు ఉంటే 7, ఖాళీకి 3 పెడతాను. బాగా పనిచేస్తాయి. కానీ ప్రతిసారీ బండి కిందికి దూరి నాలుగు షాకులూ తిప్పాలి. యజమాని కొడుకు ఒకసారి 9లో పెట్టి వదిలేశాడు, ఇసుకలో గరగర దారి మీద ఖాళీగా వస్తుంటే చక్రం నేల మీద ఆనలేదు, స్టీరింగ్ తిప్పినా వెనక తన ఇష్టం. గట్టిగా ఉంటే పట్టు పెరగాలి కదా, ఎందుకలా?

చెన్నై డాంపర్

గుడ్ క్వశ్చన్ అన్నా. ఆ గరగర దారిలో గుట్ట వెంట గుట్ట వస్తుంది. మొదటి గుట్టకి కట్టలు నొక్కుకుంటాయి. రీబౌండ్ మరీ గట్టిగా ఉంటే అవి పూర్తిగా చాచుకునే లోపే రెండోది వచ్చేస్తుంది, ఇంకొంచెం నొక్కుకుంటాయి, తర్వాత మూడోది. అలా సస్పెన్షన్ పైకి ముడుచుకుపోయి, గుట్టకీ గుట్టకీ మధ్య పల్లంలోకి చక్రం దిగడానికి టైం ఉండదు. టైరు గాల్లో ఉంటే పట్టు ఎక్కడిది? ఖాళీ బండిలో చక్రాన్ని కిందికి తోసే బలం కూడా తక్కువే, అందుకే ఇంకా ఘోరం.

నాబ్ షాకులు మంచివే. అమెరికాలో రాంచో ఆర్ఎస్9000 రకం తొమ్మిది మెట్లవి ట్రైలర్లు లాగేవాళ్ళు బాగా వాడతారు. మన పికప్‌లకి సరిగ్గా సరిపోయే కొలతలో దొరకాలి, పైగా రోజూ దూరి తిప్పే ఓపిక ఉండాలి.

లోడ్ ఆటో (కరీంనగర్)

మా దగ్గర అందరూ నెలకోసారి కమాన్ కట్టల మీద పాత ఇంజిన్ ఆయిల్ కొడతారు, మెత్తగా అవుతుందని. అది చేస్తే సరిపోదా?

గిద్దలూరు గేర్‌బాక్స్

కిర్రుకిర్రు పోతుంది, నిజమే. కానీ పట్టీ పట్టీ రాసుకోవడం వల్ల కూడా ఊపు కొంత ఆగుతుంది. లోడు పెరిగితే పట్టీల మధ్య ఒత్తిడి పెరిగి ఆ రాపిడి కూడా పెరుగుతుంది. పాత లారీలు షాకులు పోయినా ఏదోలా నడిచిపోయేది దాని పుణ్యమే. ఆయిల్ కొట్టి జారుడు చేశావంటే ఆ పనంతా షాకు మీద పడుతుంది. పైగా పాత ఆయిల్ కారి కట్ట చివర ఉండే షాకిల్ బుష్‌ల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. రెండు మూడు మందపు పట్టీలతో వచ్చే పారాబోలిక్ కట్టలకైతే ఈ రాపిడి ముందే తక్కువ, అలాంటి బండ్లలో షాకు అరిగితే వెంటనే తెలిసిపోతుంది.

టమాటా బండి (మదనపల్లె)

కొలిచాను సార్. ఖాళీగా బోల్టు నుంచి బోల్టుకి 21 అంగుళాలు. క్రేట్లు ఎక్కించాక 17న్నర. షాపులో కొత్త షాకు పూర్తిగా లాగితే 22, పూర్తిగా నొక్కితే 13న్నర.

చెన్నై డాంపర్

జవాబు అక్కడే ఉంది. ఖాళీలో చక్రం కిందికి జారడానికి మిగిలింది ఒక్క అంగుళం. కనీసం రెండున్నర, మూడు ఉండాలి. ఈ లెక్కన ప్రపంచంలో ఏ బ్రాండ్ వేసినా రింగు చీలుతుంది.

పొడుగు షాకు వేయొచ్చు గానీ, పొడుగుది నొక్కినప్పుడు కూడా పొడుగే. పూర్తి లోడుతో గుంతలో పడితే ఇరుసు ఛాసిస్‌కి కొట్టుకోకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకి తగలకముందే షాకు అడుగంటుతుంది. లోపల అడుగు వాల్వ్ పగిలిపోతుంది. నా సలహా, ఆ పట్టీ తీసేయండి.

టమాటా బండి (మదనపల్లె)

తీసేస్తే లోడుకి కూర్చోదా?

గిద్దలూరు గేర్‌బాక్స్

కంపెనీ చెప్పిన బరువుకి కంపెనీ కట్టలు చాలు, అవి సత్తువతో ఉంటే. పాత ఓనర్ ఇసుక తోలాడంటున్నావు కాబట్టి అసలు పట్టీలు వంపు పోయి చదునైపోయి ఉంటాయి. కట్టలు విప్పించి చూడు. పట్టీల చివర్లు కింది పట్టీలో గాడి పడేంత అరిగినా, పట్టీలన్నిటినీ కలిపే సెంటర్ బోల్ట్ దగ్గర సన్నటి గీత కనిపించినా కొత్త సెట్ వేయించు. కొట్టించి వంపు తెచ్చినది కొన్నాళ్ళకే మళ్ళీ దిగిపోతుంది.

అప్పటికీ బరువు కావాలంటే హెల్పర్ పట్టీ వేరే సంగతి. అది ఖాళీలో దేనికీ తగలదు, లోడుకి బండి దిగాకే ఆనుతుంది. అలాగైతే ఖాళీలో బండి ఎత్తు పెరగదు.

ఈ అదనపు పట్టీతో ఇంకో ప్రమాదం ఉంది, ఎవరూ చెప్పరు. వెనక ఇరుసు నుంచి ఛాసిస్‌కి సన్నటి రాడ్డో స్ప్రింగో ఉండి, పైన బ్రేక్ పైపులు కలిసే ఒక వాల్వ్‌కి తగిలించి ఉందేమో చూడు. అది లోడును బట్టి వెనక బ్రేకుకి ఎంత ప్రెషర్ పంపాలో తేల్చే వాల్వ్. బండి ఎంత కూర్చుందో దాన్నే లోడు అనుకుంటుంది. పట్టీ వేసి బండిని ఎత్తావంటే, లోడు ఉన్నా లేదనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. మొగిలి ఘాట్‌లో కిందికి దిగేటప్పుడు ఇదేం తమాషా కాదు. కొంతమంది మెకానిక్కులు ఆ రాడ్డుని తీగతో పైకి కట్టేస్తారు, అది మరీ దారుణం, ఖాళీలో బ్రేకు తొక్కితే వెనక చక్రాలు లాక్ అయిపోతాయి.

వేదిక నిర్వాహకుడు

చర్చ మంచిగా సాగుతోంది, ఒక్క విజ్ఞప్తి. పర్మిట్ బరువు దాటి ఎలా వేయాలన్నది ఇక్కడ వద్దు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకి 2,000. దాని మీద ఎక్కువైన సరుకు అక్కడే దించాలి. టమాటా ఎండలో దించితే ఏమవుతుందో మీకే తెలుసు.

వీక్రాస్ వీరాభిమాని (హైదరాబాద్)

ఓకే, పట్టీ సంగతి ఒప్పుకుంటా. కానీ ఘాట్ రోడ్డు, లాంగ్ రన్, వేడి. వేడెక్కితే ఆయిల్ నురగ వస్తుంది, షాకు చచ్చుబడుతుంది. మోనోట్యూబ్‌లో ఆయిల్, గ్యాస్ మధ్య అడ్డు పిస్టన్ ఉంటుంది కాబట్టి నురగ రాదు, గొట్టానికి నేరుగా గాలి తగిలి త్వరగా చల్లారుతుంది. ఇది తప్పా?

చెన్నై డాంపర్

తప్పు కాదు. అన్నీ నిజాలే. కానీ ఆయనది ఎక్కువ భాగం తారు రోడ్డు. షాకు విపరీతంగా వేడెక్కేది గంటల తరబడి గతుకుల్లో వేగంగా పోతే. ఘాట్ దిగితే వేడెక్కేవి బ్రేకులు, షాకులు కాదు. ఈ పనికి తక్కువ ప్రెషర్ నైట్రోజన్ నింపిన ట్విన్ ట్యూబ్ గ్యాస్ షాక్ సరిపోతుంది. ఆ గ్యాస్ ఆయిల్ మీద ఒత్తిడి పెట్టి ఉంచుతుంది, నురగ చాలావరకు రాదు. ధర మామూలు ఆయిల్‌దానికన్నా కొంచెమే ఎక్కువ, మోనోట్యూబ్ కన్నా చాలా తక్కువ. గాబ్రియేల్, మన్రో లాంటివి ఏ ఊళ్ళో అయినా దొరుకుతాయి. బ్రాండ్ గురించి కొట్టుకోకండి, మీ బండి మోడల్ పార్ట్ నంబర్‌కి సరిపోయిందా, పెట్టె మీదా వస్తువు మీదా నంబర్ ఒకటేనా, బిల్లు ఇస్తారా, అవి చూడండి.

భీమవరం ఐస్‌బండి

కొనేముందు పాతవి విప్పి చేత్తో ఆడించి చూడండి. నిలబెట్టి లాగి నొక్కితే మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువు ఉండాలి. మధ్యలో ఒకచోట చెయ్యి ఖాళీగా జారినట్టుంటే అయిపోయినట్టే. పైన సన్నటి జిడ్డు, దాని మీద దుమ్ము పట్టడం మామూలే, కంగారు పడక్కర్లేదు. చుక్కలుగా కారితేనే సీలు పోయినట్టు. వెనక టైరు మీద కూడా అరచెయ్యి పెట్టి చుట్టూ నిమరండి. ఎత్తుపల్లాలుగా గిన్నెలు పడినట్టు తగిలితే చక్రం చాన్నాళ్ళుగా ఎగురుతోందని.

గాలి కూడా చూసుకోండి. లోడుకి పెట్టిన గాలితోనే ఖాళీగా పరిగెత్తిస్తే టైరే బంతిలా ఎగురుతుంది, దాన్ని ఏ షాకూ ఆపలేదు. డోరు దగ్గర స్టిక్కర్ మీద ఖాళీకీ లోడుకీ వేర్వేరు అంకెలు ఉంటే వాటినే పాటించండి.

టమాటా బండి (మదనపల్లె)

అప్‌డేట్. కట్టలు విప్పించాం. అసలు పట్టీల్లో ఒకటి సెంటర్ బోల్ట్ దగ్గర బీటిచ్చి ఉంది, బయటికి కనిపించనే లేదు. రెండు వైపులా కంపెనీ సెట్ కొత్తది వేయించి ఎక్స్‌ట్రా పట్టీ పీకేశాం. ఇప్పుడు ఖాళీలో 19 అంగుళాలు ఉంది. షాకులు గ్యాస్ ట్విన్ ట్యూబ్ తీసుకున్నా, ఇంకా బిగించలేదు, రేపు. బ్రేక్ వాల్వ్ రాడ్డు మా బండికి ఉంది, దానికి తీగ కట్టి ఉంది! విప్పించి సెట్ చేయించాను.

గిద్దలూరు గేర్‌బాక్స్

తీగ కట్టినవాడికి దండం.

బిగించేటప్పుడు బండి జాకీల మీద ఉండగా బుష్ బోల్టులు పూర్తిగా టైట్ చేయనివ్వకు. చక్రాలు వేలాడుతుంటే బుష్ మెలి తిరిగి ఆ పొజిషన్‌లోనే పట్టుకుపోతుంది, కింద దించగానే రబ్బరు సాగి కొన్ని నెలల్లో చిరుగుతుంది. కొసలు తగిలించి, బండి దించి, నాలుగు చక్రాల మీద నిలబడ్డాక ఫుల్ టైట్ చేయించు. పెట్టెలో అడ్డంగా పడుకుని ఉన్న షాకులో గాలి చేరి ఉండొచ్చు. పని చేసే పొజిషన్‌లో నిలబెట్టి నాలుగైదు సార్లు నెమ్మదిగా లాగి నొక్కి, బిగువు సమంగా వచ్చాకే ఎక్కించాలి.

టమాటా బండి (మదనపల్లె)

అన్నా, వేసేశాం. చెన్నై పోయి వచ్చాను. ఖాళీలో ఆ ఠక్ లేదు. లోడుతో వెనక ఒకసారి ఊగి ఆగుతోంది. కానీ ఘాట్‌లో బ్రేకు తొక్కితే ముక్కు కిందికి దిగి మళ్ళీ లేస్తోంది, స్టీరింగ్ కూడా లోడుతో తేలిగ్గా ఉన్నట్టుంది.

చెన్నై డాంపర్

ముందు షాకులు పాతవేనా? వెనకవి కొత్తవయ్యేసరికి ముందువాటి అరుగుదల బయటపడింది. అవి కూడా జతగా మార్చండి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది వద్దు. స్టీరింగ్ తేలికకి మాత్రం షాకు మందు కాదు. క్రేట్లు వెనక డోరు వైపు ఎత్తుగా, క్యాబిన్ వైపు తక్కువగా పేరుస్తున్నారేమో చూడండి. వెనక ఇరుసు దాటి పడిన బరువు ముందు చక్రాలను పైకి లేపుతుంది. ముందుగా క్యాబిన్ గోడ దగ్గర వరసలు నింపి, తర్వాత వెనక్కి రమ్మని హమాలీలకి చెప్పండి.

టమాటా బండి (మదనపల్లె)

వాళ్ళు డోరు దగ్గర నుంచే మొదలుపెడతారు సార్, దించేటప్పుడు సులువని. రేపు యార్డుకి నేనే ముందుగా పోయి నిలబడతా.